జనరల్ గారి సంతకం నిజమేనా?

పాత పుస్తకాలంటే పిచ్చి ఉన్నవాళ్లలో ఒక చిన్న గుంపు ఉంటుంది. వీళ్లు పుస్తకం చేతికి రాగానే అట్ట చూడరు, ధర అడగరు, వెనకాల సారాంశం చదవరు. ముందుగా మొదటి ఖాళీ పేజీ తిప్పుతారు, అక్కడ పెన్నుతో ఎవరైనా ఏమైనా రాశారా అని. నేనూ ఆ గుంపులోదాన్నే. నా పిచ్చి ఇంకొంచెం ఇరుకు. సైన్యంలో పేరున్నవాళ్లు సంతకం పెట్టిన పుస్తకాలు ఏరుతుంటాను. నా దగ్గర ఉన్నవి మూడే. అందులో ఒకటీ లక్షలు పలికేది కాదు, మూడూ కలిపినా మన మెస్ బిల్లుకి సరిపోవు.

"సీఎస్‌ఈ చదువుతూ నీకెందుకే ఈ గొడవ" అని మా రూమ్మేట్ అడుగుతూనే ఉంటుంది. నాకైతే ఇది మన సబ్జెక్టులాగే అనిపిస్తుంది. ఒక మెసేజ్ వచ్చింది, కింద ఫలానా వాడి పేరు ఉంది, నిజంగా వాడే పంపాడా? క్రిప్టోగ్రఫీలో ఒక యూనిట్ మొత్తం ఈ ప్రశ్న మీదే కదా. ఇంగ్లిష్ మీడియంలో చదువుకున్నదాన్ని కాబట్టి మధ్యమధ్యలో మన క్లాసు మాటలు దొర్లుతాయి, సర్దుకోండి.

డిజిటల్ సంతకం ఎలా పనిచేస్తుందో గుర్తుందా? మెసేజ్‌కి హ్యాష్ తీస్తాం, దాన్ని ప్రైవేట్ కీతో సైన్ చేస్తాం. తర్వాత మెసేజ్‌లో ఒక్క కామా మార్చినా వెరిఫికేషన్ ఫెయిల్ అవుతుంది. అంటే ఆ సంతకం ఆ మెసేజ్‌కే అతుక్కుని ఉంటుంది. సిరా సంతకానికి ఆ భాగ్యం లేదు. దాన్ని ఎవరైనా అనుకరించొచ్చు, అచ్చు వేయొచ్చు, ఒక కాగితం మీంచి కత్తిరించి ఇంకో కాగితం మీద అంటించొచ్చు. వెరిఫై చేయడానికి పబ్లిక్ కీ ఏమీ ఉండదు. అందుకే అనుభవం ఉన్న సేకర్తలు చేతిరాత దగ్గర మొదలుపెట్టరు. దాని చుట్టూ ఉన్నవి చూస్తారు. ఎందుకంటే పుస్తకం మీద సంతకం అసలు చెప్పేది ఒకటే: ఆ మనిషి, ఆ పుస్తకం ఒకరోజు ఒకేచోట ఉన్నారు అని. ఆ కలయిక జరిగే వీలుందా లేదా? అదే మొదటి ప్రశ్న.

నేను నేర్చుకున్నదాన్ని అయిదు టెస్ట్ కేసులుగా రాస్తున్నాను.

టెస్ట్ కేస్ 1: తారీఖులు

అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యాన్ని నడిపించి, తర్వాత ఆ దేశానికి అధ్యక్షుడైన యులిసిస్ గ్రాంట్ కథతో మొదలుపెడతాను. 1884లో ఆయన భాగస్వామిగా ఉన్న ఆర్థిక సంస్థ కుప్పకూలి, ఉన్నదంతా పోయింది. అదే ఏడాది గొంతు క్యాన్సర్ అని తేలింది. తను పోయాక కుటుంబం రోడ్డున పడకూడదని ఆత్మకథ రాయడానికి కూర్చున్నారు. రచయిత మార్క్ ట్వెయిన్‌కి సొంత ప్రచురణ సంస్థ ఉండేది, ఆ సంస్థే పుస్తకం వేసింది. గ్రాంట్ రాయడం ముగించిన కొద్ది రోజులకే, 1885 జూలై 23న చనిపోయారు. పుస్తకం రెండు సంపుటాలుగా ఆ తర్వాత బయటికొచ్చింది. గ్రాంట్ కింద పనిచేసిన మాజీ సైనికులే ఇంటింటికీ తిరిగి ఆర్డర్లు పట్టారు. 3 లక్షలకు పైగా సెట్లు అమ్ముడయ్యాయి. ఆయన భార్య జూలియాకి దాదాపు నాలుగున్నర లక్షల డాలర్లు అందాయి. ఆ రోజుల్లో అది ఎంత డబ్బో ఊహించుకోండి.

ఇప్పుడు విషయానికొద్దాం. మొదటి సంపుటం తెరిస్తే ఒక పేజీలో చక్కటి చేతిరాత కనిపిస్తుంది. ఈ సంపుటాలు అమెరికా సైనికుడికి, నావికుడికి అంకితం అన్న మాట, కింద గ్రాంట్ సంతకం, 1885 మే 23 తేదీ. మొదటిసారి చూసిన ఎవరికైనా గుండె ఆగినంత పనవుతుంది, తాతల నాటి అటకమీద నిధి దొరికిందని. కానీ అది అచ్చు. గ్రాంట్ చేతిరాతను అలాగే ముద్రించారు. దీన్నే ఫ్యాక్సిమిలీ అంటారు. ప్రతి కాపీలోనూ అదే అంకితం, అదే సంతకం, అదే చోట ఉంటుంది. పుస్తకం వచ్చేసరికి మనిషే లేడు కదా, మరి ఎక్కడ సంతకం పెడతాడు?

చేతిరాత నిపుణులు అక్కర్లేదు, భూతద్దం అక్కర్లేదు. రెండు తేదీలు తీసివేస్తే చాలు. రచయిత ఎప్పుడు పోయారు, పుస్తకం ఎప్పుడు వచ్చింది.

ఇదే లెక్క మిగతావాళ్లకీ వేసి చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో పేరు మోసిన జనరల్ ప్యాటన్ 1945 డిసెంబర్‌లో చనిపోయారు. ఆయన పుస్తకం 'వార్ యాజ్ ఐ న్యూ ఇట్' వచ్చింది 1947లో. మన దగ్గర 1971 యుద్ధం నాటి వాయుసేన అధిపతి ఎయిర్ చీఫ్ మార్షల్ పి.సి. లాల్ 1982లో పోయారు. 'మై ఇయర్స్ విత్ ది ఐఏఎఫ్' 1986లో వచ్చింది. ఈ రెండిట్లో దేనిమీదైనా "రచయిత సంతకం" ఉందని ఎవరైనా అంటే నవ్వి వచ్చేయొచ్చు.

కొన్నిసార్లు గడువు ఉంటుంది గానీ చిన్నది. 1962 చైనా యుద్ధంలో 7వ బ్రిగేడ్‌ని నడిపించి, శత్రువుకి బందీగా చిక్కిన బ్రిగేడియర్ జాన్ దల్వీ 'హిమాలయన్ బ్లండర్' రాశారు. అది వచ్చింది 1969లో, ఆయన పోయింది 1974లో. మధ్యలో అయిదేళ్లే. పైగా ఆ పుస్తకాన్ని అప్పట్లో ప్రభుత్వం నిషేధించింది కూడా. అలాంటి పుస్తకం మీద నిజమైన సంతకం దొరకడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

ప్రతి రూలుకీ ఎడ్జ్ కేసు ఉంటుందిగా. జనరల్ మెక్‌ఆర్థర్ 1964 ఏప్రిల్‌లో చనిపోయారు, ఆయన 'రెమినిసెన్సెస్' అదే ఏడాది ఆ తర్వాత వచ్చింది. అయినా ఆయన సంతకంతో ప్రత్యేక ప్రతులు ఉన్నాయి. ప్రచురణకర్తలు ముందుగానే విడి కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని, తర్వాత పుస్తకంలో కలిపి కుట్టించే పద్ధతి ఒకటుంది. కాబట్టి తేదీ కుదరకపోతే వెంటనే "దొంగ" అనేయకుండా, అలాంటి ప్రత్యేక ముద్రణ ఉందేమో చూసుకోవాలి.

టెస్ట్ కేస్ 2: పేరు, హోదా

సైనికుల సంతకాల్లో మనకి కలిసొచ్చే విషయం ఒకటుంది. వాళ్ల హోదాలు మారుతుంటాయి, ఏ రోజు మారాయో రికార్డు ఉంటుంది. బ్రిటిష్ సేనాని మాంట్‌గోమరీనే తీసుకోండి. 1942లో ఈజిప్టులోని అలమేన్ దగ్గర గెలిచి పేరు తెచ్చుకున్నారు. 1944 సెప్టెంబర్ 1న ఫీల్డ్ మార్షల్ అయ్యారు. 1946లో ప్రభువు బిరుదు వచ్చాకే "మాంట్‌గోమరీ ఆఫ్ అలమేన్" అని సంతకం చేయడం మొదలుపెట్టారు. ఆ సంతకం కింద 1943 అని తేదీ ఉంటే ఏం అర్థం చేసుకోవాలి? రాసినవాడికి చరిత్ర రాదు అని.

దీనికి తిరగేసిన ఉదాహరణ లారెన్స్ ఆఫ్ అరేబియా. మొదటి ప్రపంచ యుద్ధంలో అరబ్బు తిరుగుబాటుతో ప్రపంచమంతా తెలిసిన మనిషి. ఆ కీర్తి భరించలేక పేరు మార్చుకుని మామూలు సిపాయిగా చేరిపోయాడు. మొదట రాస్ అన్న పేరుతో వాయుసేనలో, తర్వాత షా అన్న పేరుతో ట్యాంకు దళంలో. ఆయన 'సెవెన్ పిల్లర్స్ ఆఫ్ విజ్డమ్' 1926లో చందాదారుల కోసం 200 దాకా కాపీలు మాత్రమే అచ్చయింది. సంపూర్ణ ప్రతుల్లో ఇది పూర్తి కాపీ అని తన చేత్తో రాసి, కింద టి.ఇ.ఎస్. అని పొడి అక్షరాలు వేశాడు. చివరి అక్షరం షా కోసం. కొత్తవాళ్లు చూస్తే "అయ్యో, లారెన్స్ అని లేదే" అని పక్కన పెట్టేస్తారు. తెలిసినవాళ్లు దానికోసమే వెతుకుతారు.

మన దేశంలో ఈ టెస్ట్‌కి ఇంకో రూపం ఉంది. ఫీల్డ్ మార్షల్ శామ్ మానెక్‌షా సంతకం అంటే అందరికీ మోజే. కానీ ఆయన ఆత్మకథ ప్రచురించలేదు. ఆయన గురించి వేరేవాళ్లు రాసిన పుస్తకాలే ఉన్నాయి. ఆయనకి మిలిటరీ అసిస్టెంట్‌గా పనిచేసిన దీపిందర్ సింగ్ రాసిన 'సోల్జరింగ్ విత్ డిగ్నిటీ' అందులో ఒకటి. కాబట్టి మానెక్‌షా సంతకం ఉన్న పుస్తకం ఉండొచ్చు, ఆయన 2008 దాకా ఉన్నారు. మానెక్‌షా "ఆత్మకథ మీద" సంతకం మాత్రం ఉండదు.

టెస్ట్ కేస్ 3: పెన్ను

బాల్‌పెన్ను అమెరికాలో జనం చేతికి వచ్చింది 1945 అక్టోబర్‌లో, న్యూయార్క్‌లో ఒక పెద్ద దుకాణంలో అమ్మకానికి పెట్టినప్పుడు. ఆటోగ్రాఫులకి అందరూ వాడే షార్పీ మార్కర్ 1964లో వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి తేదీ వేసి బాల్‌పెన్నుతో ఉన్న సంతకం, 1950 తేదీతో షార్పీ సంతకం, ఇవి చూడగానే తీసి పక్కన పెట్టేయాల్సినవి.

తర్వాత చూడాల్సింది అది అసలు పెన్నేనా అని. ఫోన్ కెమెరాని మ్యాక్రోలో పెట్టి దగ్గరగా చూడండి, లేదా యాభై రూపాయల భూతద్దం కొనుక్కోండి. ఆఫ్‌సెట్ ముద్రణలో ఫోటోలా వేసిన సంతకమైతే చిన్న చిన్న చుక్కలు కనబడతాయి. రబ్బరు స్టాంపు అయితే గీత అంచుల్లో సిరా పేరుకుని ఉంటుంది. నిజం పెన్ను అయితే ఒక గీత ఇంకో గీతను దాటిన చోట ముదురుగా ఉంటుంది, చెయ్యి ఎక్కడ ఒత్తిందో ఎక్కడ తేలిందో తెలుస్తుంది. కాగితాన్ని ఏటవాలు వెలుతుర్లో పట్టుకుంటే బాల్‌పెన్ను గాడి కూడా కనిపిస్తుంది.

ఇక్కడే ఒక పెద్ద చిక్కు ఉంది. ఆటోపెన్ అని ఒక యంత్రం. నిజమైన పెన్నునే పట్టుకుని, ముందే ఇచ్చిన నమూనా ప్రకారం సంతకం గీస్తుంది. రోజుకి వందల ఉత్తరాలు పంపాల్సిన అమెరికా ప్రభుత్వ పెద్దలు చాలామంది దీన్ని వాడారు. 2011లో ఒబామా ఫ్రాన్స్‌లో ఉండగా ఒక చట్టం మీద సంతకం కూడా ఈ యంత్రమే పెట్టింది. సిరా నిజం, పెన్ను నిజం, మనిషే లేడు. మన భాషలో చెప్పాలంటే ఇది రీప్లే అటాక్. మరి పట్టుకోవడం ఎలా? మనిషి రెండుసార్లు ఒకేలా సంతకం పెట్టలేడు. మీ బ్యాంకు వాళ్లని అడగండి, చెప్తారు. రెండు సంతకాల ఫోటోలు ఒకదానిమీద ఒకటి పెట్టినప్పుడు వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసిపోయాయంటే అనుమానించాల్సిందే. మామూలుగా తేడా ఉంటే తప్పనుకుంటాం. ఇక్కడ తేడా లేకపోవడమే తప్పు.

టెస్ట్ కేస్ 4: ఏ పేజీ మీద ఉంది

సంతకం పుస్తకం కాగితం మీదే ఉందా, లేక వేరే కాగితం మీద ఉండి దాన్ని లోపల అంటించారా? పెద్ద వయసులో ఉన్న రచయిత ఊరూరా తిరగలేరు కాబట్టి ఇంట్లో కూర్చుని చిన్న చీటీల మీద సంతకాలు పెట్టి పంపుతారు, వాటిని పుస్తకాల్లో అంటిస్తారు. వాటిని బుక్‌ప్లేట్ అంటారు. అవి నకిలీవని కాదు. కానీ ఆ చీటీని సంతకం చేసిన మనిషి ఆ పుస్తకాన్ని ముట్టుకోనక్కర్లేదు. విలువలో ఆ తేడా ఉంటుంది.

ప్రత్యేక ముద్రణలు మళ్లీ వేరు. ఐసెన్‌హోవర్ 'క్రూసేడ్ ఇన్ యూరప్' 1948లో వచ్చింది. మామూలు కాపీలు లెక్కలేనన్ని. వాటితోపాటు 1,426 కాపీల ప్రత్యేక ముద్రణ ఒకటి వేశారు. అందులో నార్మండీ దాడి రోజున ఆయన సైనికులకి ఇచ్చిన సందేశం నకలు పేజీ ఉంటుంది, ఆ పేజీ మీద ఐసెన్‌హోవర్ సంతకం ఉంటుంది. కాబట్టి సంతకం ఉన్న 'క్రూసేడ్ ఇన్ యూరప్' అని ఎవరైనా చూపిస్తే, అది ఆ ప్రత్యేక ముద్రణా, లేక మామూలు కాపీ మీద ఎప్పుడో పెట్టించుకున్నదా అని అడగాలి. రెండూ నిజం కావొచ్చు, కానీ రెండూ ఒకటి కాదు.

పేజీ చూసేటప్పుడు లైబ్రరీ ముద్ర కూడా చూడండి. రెజిమెంట్ లైబ్రరీ ముద్ర ఉండి, తీసేసినట్టు ఇంకో ముద్ర లేకపోతే, ఆ పుస్తకం అక్కడినుంచి ఎలా బయటికొచ్చిందో తెలియదు. నేనైతే కొనను.

టెస్ట్ కేస్ 5: చేతులు మారిన చరిత్ర

గిట్‌లో ఒక ఫైల్ ఎవరు రాశారు, ఎప్పుడు మార్చారు అని లాగ్ చూస్తాం కదా. పుస్తకాల్లో దాన్ని ప్రావెనెన్స్ అంటారు. ఎవరి దగ్గర్నించి ఎవరికి వచ్చింది, ఏ ఆధారం ఉంది. సంతకం పెట్టిన రోజు ఫోటో, పుస్తకంతో వచ్చిన ఉత్తరం, కొన్నప్పటి బిల్లు, పోస్టు కవరు, ఏదైనా సరే. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఇచ్చే సర్టిఫికెట్ గురించి ఒక్క మాట: ఆ సర్టిఫికెట్ మీద సంతకం ఎవరిదో చూడండి. అమ్మేవాడే తన సరుకుకి తనే సర్టిఫికెట్ ఇచ్చుకుంటే అది సెల్ఫ్ సైన్డ్ సర్టిఫికెట్. బ్రౌజర్ కూడా దానికి ఎర్ర బొమ్మ చూపిస్తుంది.

ఈ అయిదూ పాసైతే సంతకం నిజమని తేలినట్టేనా? కాదు. మన సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ క్లాసులో చెప్పేదే ఇక్కడా. టెస్టులు తప్పుని పట్టిస్తాయి, తప్పు లేదని నిరూపించవు. కానీ నిజం చెప్పాలంటే దొంగ సంతకాల్లో చాలావాటికి మొదటి రెండు టెస్టులే ఎక్కువ.

మరి ఏ సంతకం విలువైంది?

సేకర్తల లెక్కలో మూడు మెట్లు ఉంటాయి. ఉత్త సంతకం ఒకటి. ఫలానా వారికి అని పేరు రాసి సంతకం పెడితే దాన్ని ఇన్‌స్క్రైబ్డ్ కాపీ అంటారు. ఆ ఫలానా వారు కూడా ఆ కథలో ఉన్నవారైతే, అంటే ఒక జనరల్ తన కింద పనిచేసిన అధికారికో, తోటి సేనానికో ఇచ్చిన పుస్తకమైతే, అది అసోసియేషన్ కాపీ. దానికి గిరాకీ ఎక్కువ. మధ్యలోది మాత్రం పాపం. అందులో పేరు మనకి తెలియని వాళ్లదైతే చాలామంది కొనేవాళ్లు పెదవి విరుస్తారు, ఉత్త సంతకమే ఉంటే బాగుండేది అంటారు.

నాకు ఈ లెక్క మీద అనుమానం వచ్చింది మా చిన్న తాతయ్య వల్ల. అంటే మా అమ్మ వాళ్ల చిన్నాన్న. తాడేపల్లిగూడెం వైపు ఊరు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో సైన్యంలోకి వెళ్లడం కొత్తేమీ కాదు, దగ్గర్లోని మాధవరాన్ని అందరూ మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. తాతయ్య హవల్దారుగా రిటైరయ్యారు. 1971లో తూర్పు వైపు టెలిఫోను లైన్లు వేసే పనిలో ఉన్నారు.

నా పిచ్చి గురించి విని, పోయిన సంక్రాంతికి ట్రంకు పెట్టెలోంచి ఒక పుస్తకం తీసి ఇచ్చారు. ఆయన పాత అధికారి ఒకరు రిటైరయ్యాక తన యూనిట్ గురించి రాసుకున్న చిన్న ఇంగ్లిష్ పుస్తకం. ఎవరికీ తెలియని పుస్తకం, ఎవరికీ తెలియని పేరు. లోపల నీలం సిరాతో నాలుగు లైన్లు. ఆయన పేరు, పాత సర్వీసు నంబరు, ఫలానా రాత్రి మూడుసార్లు తెగిన లైను మూడుసార్లూ కలిపినందుకు అని ఒక వాక్యం, కింద సంతకం, తేదీ. పోస్టులో వచ్చిన కవరు కూడా పుస్తకంలోనే మడిచి పెట్టి ఉంది. అయిదో టెస్టుకి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు ఇంతవరకూ దొరకలేదు.

"చదివారా తాతయ్యా?" అంటే, "ఇంగ్లీషు పుస్తకం నాకెక్కడ వస్తదమ్మా. నా పేరు ఉన్న కాడికి చదూకున్నా" అన్నారు. ఆ వాక్యం తెలుగులో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "మూడు కాదు, నాలుగుసార్లు" అన్నారు తర్వాత.

తెలిసిన ఒక పాత పుస్తకాల వ్యాపారికి ఫోటో చూపించాను, అమ్మడానికి కాదు, ఊరికే తెలుసుకుందామని. "పేరున్న జనరల్ ఎవరైనా ఉంటే చెప్పమ్మా, ఇలాంటివి కిలోల లెక్కన వస్తాయి" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టను, ఆయన వ్యాపారం అది. ఈ మాట తాతయ్యకి చెప్తే నవ్వారు. "సంతకం ఆయనది. పేరు నాది కదమ్మా" అన్నారు.

ఆలోచిస్తే అదే నిజం. పెద్ద జనరల్స్ యుద్ధంలో ఉన్నారని చెప్పడానికి వాళ్ల సంతకం అక్కర్లేదు. చరిత్ర పుస్తకాలున్నాయి, ఫోటోలున్నాయి, వీధుల పేర్లున్నాయి. ఒక హవల్దారు ఆ రాత్రి అక్కడ ఉన్నాడని, ఆ పని చేశాడని రాసి ఉన్న కాగితం మా ఇంట్లో ఇదొక్కటే. డిశ్చార్జి పుస్తకంలో ఎక్కడ పనిచేశారో ఉంటుంది, మెడల్స్ ఉంటాయి. లైను ఎన్నిసార్లు కలిపారో ఉండదు. అప్పట్నించీ నేను సంతకం కంటే ముందు దానిపైన ఎవరి పేరు ఉందో చూస్తున్నాను.

మీరు మొదలుపెట్టాలనుకుంటే

మనకి అందుబాటులో ఉన్నవి చెప్తాను. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్, కోఠీ పాత పుస్తకాల షాపులు, శీతాకాలంలో పుస్తకాల పండగ ఉండనే ఉన్నాయి. సికింద్రాబాద్ కంటోన్మెంట్, సైనిక్‌పురి వైపు రిటైరైన సైనికాధికారుల కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇళ్లు ఖాళీ చేసినప్పుడు పుస్తకాలు బయటికి వస్తుంటాయి. అమ్మేవాళ్లు సాధారణంగా లోపలి పేజీ చూడరు, మీరు చూడండి.

తెలుగువాళ్లలో వెతకాలంటే మొదటి పేరు జనరల్ కె.వి. కృష్ణారావు. 1923లో పుట్టారు, 1981 నుంచి 1983 దాకా మన సైన్యాధిపతి. 1971లో 8వ పర్వత డివిజన్‌తో సిల్హెట్ వైపు పోరాడారు. 'ప్రిపేర్ ఆర్ పెరిష్' 1991లో, 'ఇన్ ది సర్వీస్ ఆఫ్ ది నేషన్' 2001లో రాశారు. 2016 జనవరిలో పోయారు. తారీఖుల టెస్టు మీరే వేసుకోండి: మొదటి పుస్తకానికి దాదాపు పాతికేళ్లు, రెండోదానికి పదిహేనేళ్లు. అంటే సంతకమున్న కాపీ దొరకడం అసాధ్యమేమీ కాదు. నేను ఇంకా వెతుకుతూనే ఉన్నాను, ఎవరికైనా కనబడితే ముందు నాకు చెప్పండి, తర్వాత మీరు కొనుక్కోండి.

ఇంకా మంచి దారి బతికున్న రచయితలు. 1971 యుద్ధంలో మందుపాతర మీద కాలు పడితే నలిగిపోయిన సొంత కాలిని తన ఖుక్రీతోనే కోయించుకోక తప్పక తనే కోసుకుని, తర్వాత కృత్రిమ కాలితోనే బెటాలియన్‌ని నడిపించిన మేజర్ జనరల్ ఇయాన్ కార్డోజో, పరమవీర చక్ర విజేతల గురించి 'పరమ్ వీర్' రాశారు. కార్గిల్ సమయంలో సైన్యాధిపతి జనరల్ వి.పి. మాలిక్ 'కార్గిల్: ఫ్రమ్ సర్‌ప్రైజ్ టు విక్టరీ' రాశారు. సాహిత్య ఉత్సవాలకి ఇలాంటివాళ్లు వచ్చినప్పుడు వెళ్లి వినండి, పుస్తకం ముందే చదివి వెళ్లండి. సంతకం అడిగేటప్పుడు మీ పేరు, ఊరు, తేదీ కూడా రాయమనండి. రేపు అమ్మితే ధర తగ్గుతుందని ఎవరైనా అంటే వినకండి. ఆ నాలుగు మాటలే యాభై ఏళ్ల తర్వాత ఎవరికైనా లాగ్‌లా పనికొస్తాయి.

దొరికినదాన్ని కాపాడుకోవడం తేలికే. లామినేషన్ చేయించకండి, టేపు అంటించకండి, సంతకం పేజీ చింపి ఫ్రేము కట్టించకండి. ఎండ తగిలితే సిరా వెలిసిపోతుంది. మన కోస్తా ఉక్కకి పాలిథిన్ కవర్లో బిగించి పెడితే లోపల బూజు పడుతుంది, గాలి ఆడేచోట నిలబెట్టండి. ఎక్కడ, ఎవరి దగ్గర, ఎంతకి కొన్నారో ఒక చీటీ మీద పెన్సిల్‌తో రాసి లోపల పెట్టండి. ఫోటో పెట్టేటప్పుడు అందులో ఎవరి చిరునామా, సర్వీసు నంబరు లాంటివి కనబడకుండా చూసుకోండి. ఆ ఇంటివాళ్లు ఎక్కడో ఉంటారు.

చివరగా ఒక పని. సెమిస్టర్ సెలవులకి ఇంటికెళ్తున్నారుగా. మీ తాతగారో, పెదనాన్నో, మావయ్యో సైన్యంలో చేసి ఉంటే, వాళ్ల పెట్టెలో పుస్తకాలేమైనా ఉన్నాయేమో అడగండి. ఉంటే పాత పేపర్ల వాడికి వేయక ముందే మొదటి పేజీ తిప్పండి. అక్కడ ఎవరి సంతకం ఉందో చూడండి, ఎవరి పేరు ఉందో చూడండి. ఆ పేరు గల మనిషి ఇంకా పక్కనే ఉంటే, ఫోను రికార్డింగ్‌లో పెట్టి ఏం జరిగిందో చెప్పమనండి. మా తాతయ్య నాలుగోసారి లైను కలిపిన సంగతి పుస్తకంలో లేదు. ఇప్పుడు నా దగ్గర ఉంది.